కాంటనీస్ నేర్చుకోవాల్సింది పలక మీదనా, పొయ్యి దగ్గరా?

హాంకాంగ్‌లో ఇంగ్లీషుతో చాలా పనులు జరిగిపోతాయి. ఆఫీసులో జరుగుతుంది, బ్యాంకులో జరుగుతుంది, మెట్రో రైల్లో ప్రకటనలు కూడా అర్థమవుతాయి. చేపల అంగడికి వెళితే మాత్రం కాంటనీస్ రావాలి. ఆ నగరంలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది రోజూ మాట్లాడుకునేది అదే. కింది సంవాదంలో ఇద్దరున్నారు. వదిన షామ్ షుయ్ పో పేటలో ఏళ్ళ తరబడి కాపురం ఉంటోంది. పక్కింటి పెద్దావిడ వంటింట్లోనూ పేయ్ హో వీధి మార్కెట్లోనూ వదినకి కాంటనీస్ పట్టుబడింది. మరిది ఉద్యోగం మీద కొత్తగా వచ్చాడు. ఏది నేర్చుకున్నా మొదటి పాఠం నుంచి వరసగా నేర్చుకోవాలంటాడు. నా మొగ్గు వదిన వైపు. అయినా మరిది అడిగినవాటికి జవాబు దొరికితే తప్ప ఆ మొగ్గు నిలబడదు, అందుకే ఇద్దరి మాటా రాస్తున్నాను.

చదివే ముందు ఒక్క విషయం. కాంటనీస్ మాట పక్కనున్న అంకె దాని స్వరం. 1 ఎత్తున సమంగా సాగుతుంది. 2 పైకి లేస్తుంది. 3 మధ్యలో సమంగా ఉంటుంది. 4 అడుక్కి జారుతుంది. 5 కింద మొదలై కొంచెమే లేస్తుంది. 6 కింద సమంగా ఉంటుంది. తెలుగు అక్షరాలు అసలు పలుకుకి దగ్గరగా మాత్రమే వస్తాయి. ఎక్కడ రావో మరిదే చెబుతాడు.

మరిది: వదినా, మీరిచ్చిన నోటుపుస్తకం చూశాను. మొదటి పేజీలోనే "ఉప్పు వెయ్యి", "నీళ్ళు మరిగాయి", "మంట ఆర్పు" అని వాక్యాలు మొదలెట్టేశారు. స్వరాల సంగతి ఎక్కడా లేదు. ఆరు స్వరాల భాష ఇది. సరళీ స్వరాలు సాధన చేయించకుండా ఏ గురువైనా కీర్తన ఎత్తుకుంటాడా?

వదిన: గురువు దగ్గర కూర్చునే వేళకి ఆ పిల్ల ఎన్ని జోలపాటలు విని ఉంటుంది నాయనా! చెవి ముందే తయారైన పిల్లకి సరళీ స్వరాలు పనికొస్తాయి. నీ చెవికి కాంటనీస్ ఇంకా రొదలాగే ఉంది. రొదని ఆరు ముక్కలు చేసి ఇస్తే ఆరు రొదలవుతాయి.

మరిది: ముక్కలు చేయకపోతే ఏమవుతుందో మీ వంటింట్లోంచే చెబుతాను. థోంగ్ అనే ఒక్క పలుకు తీసుకోండి. థోంగ్1 అంటే సూపు. థోంగ్4 అంటే పంచదార. థోంగ్2 అంటే పిల్లలు చప్పరించే మిఠాయి బిళ్ళ. థోంగ్3 అంటే వేడి తగిలి కాలడం. స్వరం తెలియనివాడు "సూపులో ఉప్పు" అనబోయి ఏమంటాడో వాడికే తెలియదు. ముందు ఒక పలుకుని ఆరు స్వరాల్లోనూ పలికి, విని, తేడా పట్టుకుని, ఆ తర్వాతే మాటల్లోకి రావాలి.

వదిన: నువ్విప్పుడు చెప్పిన నాలుగూ వంటింటి మాటలే. సూపు గిన్నె ఎదురుగా ఉన్నప్పుడు థోంగ్1 విన్నాననుకో, ఆ ఎత్తు ఆ గిన్నెకి అంటుకుపోతుంది. పంచదార డబ్బా తీస్తూ థోంగ్4 విన్నాననుకో, ఆ జారుడు ఆ డబ్బాకి అంటుకుంటుంది. పలక మీద రాసిన థోంగ్‌లకి అంటుకోవడానికి ఏముంది, అంకె తప్ప?

మరిది: అంకెని తక్కువ చేయకండి. 1993లో హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం యూత్‌ప్హింగ్ అనే లిప్యంతరీకరణ పద్ధతి తయారుచేసింది. రోమన్ అక్షరాలతో పలుకు, చివర అంకెతో స్వరం. అంకె రాయకపోతే మాట పూర్తి కానట్టే. నేర్చుకునేవాడికి అది గొప్ప మేలు. తెలుగులో రాసుకుంటే ఆ అంకె ఎగిరిపోతుంది, మన లిపిలో దానికి చోటే లేదు. మీ నోటుపుస్తకంలో ఎగిరిపోయింది కూడా.

వదిన: ఆ మాట ఒప్పుకుంటాను. అంకెలు వేసి తిరగరాద్దాం. కానీ తెలుగు అక్షరాలు నాకు మేలు చేసిన చోటు కూడా ఉంది. ఆ యూత్‌ప్హింగ్‌లో కోడిని ఏ అక్షరంతో మొదలుపెట్టి రాస్తారు?

మరిది: ఇంగ్లీషు "జీ"తో. చదివితే "గై" అనిపిస్తుంది.

వదిన: పలికేది మాత్రం కై1. ఈ భాషలో గ, ద, బ లేనే లేవు. ఉన్నది క, ఖ; త, థ; ప, దానికి ఒత్తు పెట్టిన ప్హ. ఇంగ్లీషు అక్షరం చూసి నేర్చుకున్నవాళ్ళు "గై, గై" అని నెలల తరబడి అంటారు. మనకి అల్పప్రాణం, మహాప్రాణం వర్ణమాలలోనే ఉన్నాయి.

మరిది: వర్ణమాలలో ఉన్నాయి, నోట్లో ఉన్నాయా? మనం రాసేటప్పుడు ఒత్తు పెడతాం, మాట్లాడేటప్పుడు సగంమందిమి వదిలేస్తాం. ఇక్కడ వదిలేస్తే కుదరదు. ఛుంగ్1 అంటే ఉల్లికాడలు. ఒత్తు తీసేసి చుంగ్1 అంటే గడియారం. ఛా4 టీ అయితే, చా3 నూనెలో ముంచి వేయించడం.

వదిన: అందుకే పక్కింటి ప్హో4 ప్హో2, అంటే మామ్మ, నా అరచేతిని నా నోటి ముందు పెట్టించింది. ఛా4 అంటే గాలి తగలాలి, చా3 అంటే తగలకూడదు. ఏ పాఠంలోనూ అంత సులువుగా అర్థం కాలేదు నాకు. పైగా ఆ చ మనకి కొత్తది కాదు. "చలి", "చాలా" అనేటప్పుడు పళ్ళ వెనక నుంచి వచ్చే చ ఉంది చూడు, అదే. "చిలక"లో చ కాదు. ఇక దీర్ఘం, హ్రస్వం. కై1 కోడి, కాయ్1 వీధి. ఇంగ్లీషు దొరలకి ఈ తేడా వినపడ్డానికే కొన్నాళ్ళు పడుతుంది. మనకి మొదటి రోజే వినపడుతుంది.

మరిది: దానికి అభ్యాసం ఉందా మీ వంటింట్లో?

వదిన: ఉంది. సాప్6 సప్6 చెక్3 తాన్2. "పది గుడ్లు ఉడకబెట్టు" అని. సాప్6 ఉడకబెట్టడం, సప్6 పది. రెండిటికీ స్వరం ఒకటే, హల్లులు అవే, తేడా అంతా దీర్ఘంలోనే. ఇలాంటి వాక్యం పుస్తకం రాసేవాడు కూర్చుని అల్లాలి. ప్హో4 ప్హో2కి ఇంటికి చుట్టాలొస్తే చాలు.

(ఈ వాక్యం నాకు చాలా నచ్చింది. నాలుగు మాటల్లో దీర్ఘమూ హ్రస్వమూ పక్కపక్కన నిలబడ్డాయి, ప్ అనే హల్లుతో ఆగిపోయే పలుకులు రెండున్నాయి, గుడ్డుని లెక్కపెట్టే మాట ఒకటుంది, స్వరం మారిన మాట ఒకటుంది. వీటిలో ప్ సంగతి దగ్గరే వాదన చిక్కబడింది.)

మరిది: ఆగండి. ఆ సాప్, సప్ దగ్గర మీరు చెప్పనిది ఒకటుంది. మనం అచ్చుతో ముగించేవాళ్ళం. బస్ మన నోట్లో బస్సు, కప్ మన నోట్లో కప్పు. ఈ భాషలో పళ్ళేన్ని తిప్2 అంటారు, మూకుణ్ణి వొక్6 అంటారు. తెలుగువాడి నోట్లో అవి తిప్పు, వొక్కు అయిపోతాయి. చివర ఉకారం చేరగానే ఒక పలుకు రెండు పలుకులవుతుంది, రెండోదానికి స్వరం లేదు, విన్నవాడికి మాటే లేదు. ప్ దగ్గర పెదాలు మూసి అలాగే ఉంచెయ్యాలి, విడవకూడదు. త్ దగ్గర నాలుక, క్ దగ్గర గొంతు, అంతే. ఇది వాక్యం మధ్యలో వింటే తెలియదు. ఒక్కో మాట విడిగా, అద్దం ముందు, విసుగు లేకుండా చేయాల్సిన పని.

వదిన: విసుగు లేకుండా చేయాల్సిన పని అన్నావే, అదే నా ఇబ్బంది. వంటింట్లో అలాంటి మాటలు ఎన్నున్నాయో చూడు. మాంసం యుక్6, జావ చుక్1, కొయ్యడం ఛిత్3, వెయ్యడం లొక్6, ఉడికింది సుక్6, వేడి యిత్6, తినడం సిక్6. రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్కుండదు. అద్దం ముందు చేస్తే విసుగొచ్చే పని, చేతిలో కత్తి ఉంటే విసుగు రాదు. సిక్6 అంటే తిను, సిక్1 ఫో2 అంటే మంట ఆర్పు. ఒకదానికి ఒకటి అంటే ఎదుటి మనిషి చెయ్యి పొయ్యి వైపు వెళ్ళదు. తప్పు అప్పుడే బయటపడుతుంది.

మరిది: బయటపడదు వదినా. సందర్భం దాన్ని కప్పేస్తుంది. అన్నం పొంగుతుంటే మీరు సిక్6 అన్నా సిక్1 అన్నా ఆవిడ మంట ఆర్పేస్తుంది. వంటింటి మీద నా పెద్ద అభ్యంతరం ఇదే. అక్కడ వస్తువు ఎదురుగా ఉంటుంది, చేత్తో చూపిస్తారు, సగం మాటకే పని జరిగిపోతుంది. మీ ఉచ్చారణ సరిగా ఉండి పని జరిగిందో, చెయ్యి చూపించడం వల్ల జరిగిందో మీకెలా తెలుస్తుంది? ఏళ్ళ తరబడి తప్పు స్వరంతో పని జరిపించుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది లేరు!

(వదిన దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పగలిగింది కూడా పూర్తి జవాబు కాదని నా అభిప్రాయం. మరిది వాదనలో అన్నిటికన్నా బలమైనది ఇదే.)

వదిన: నిజమే. చూపించే వీలు లేని చోట మాట్లాడితే తప్ప మాట తేలదు. మార్కెట్లో కొంత తేలుతుంది. చేప నీళ్ళ తొట్టెలో ఈదుతూ ఉంటుంది, అమ్మేవాడికి నువ్వు దాన్ని ఏం చేయబోతున్నావో కళ్ళకి కనపడదు. నోటితోనే చెప్పాలి. చింగ్1 అంటే ఆవిరి మీద ఉడికించడం. చీన్1 అంటే పెనం మీద కొంచెం నూనెతో కాల్చడం. స్వరం రెండిటికీ ఒకటే. ఒకటి పొట్టిగా, గొంతు వెనక ఙ దగ్గర ఆగుతుంది. ఇంకొకటి పొడుగ్గా సాగి పళ్ళ దగ్గర న్ మీద ఆగుతుంది. ఆవిరికి ఏ చేప, ఎంత బరువు బాగుంటుందో ఆయన చెబుతాడు. పెనానికైతే ఆ సలహా వేరు. నువ్వు ఏది పలికావో ఆయన సలహాలోనే తెలిసిపోతుంది.

మరిది: బరువు కూడా ఆయన కన్1 లెక్కల్లో చెబుతాడు. దాదాపు 605 గ్రాములు, అందులో 16 భాగాలు. నేను కిలోల్లో ఆలోచిస్తూ నిలబడిపోతాను.

వదిన: ఒక కన్1 చేప కొను, ఇంటికి తీసుకురా. ఆ ఒక్క చేపతో ఎంత వ్యాకరణం వస్తుందో చెబుతాను. నీళ్ళు మరిగితే సొయ్2 క్వన్2 లా3. ఆ చివరి లా3 "ఇదిగో, ఇప్పుడే మారింది" అని చెప్పే మాట. చేప పళ్ళెం లోపల పెట్టి మూత వేశాక ఎవరైనా అడిగితే చింగ్1 కన్2 యూ2, చేప ఆవిరి పడుతోంది. కన్2 ఉంటే పని జరుగుతున్నట్టు. ఎనిమిది నిమిషాలయ్యాక చింగ్1 చో2 పాత్3 ఫన్1 చుంగ్1 లా3. చో2 చేరితే పని జరిగినట్టు. ఎంతసేపు పెట్టాలో చెప్పాలంటే చింగ్1 యూ2 చింగ్1 పాత్3 ఫన్1 చుంగ్1. క్రియ రెండుసార్లు వచ్చింది విన్నావా, చేపతో ఒకసారి, నిమిషాలతో ఒకసారి. ఉడికిందా అని అడగడానికి సుక్6 మెయ్6 ఆ3? చాప్‌స్టిక్ చేప వెన్ను దగ్గర దిగిపోతే సుక్6 లా3. అప్పుడు పళ్ళెంలో చేరిన నీళ్ళు వంపేసి, సన్నగా తరిగిన అల్లం, ఉల్లికాడలు పరిచి, పొగలొచ్చే నూనె వాటి మీద పోసి, సోయా సాస్ అంచునుంచి వెయ్యాలి. జరుగుతున్న పని, జరిగిన పని, ఇంకా జరగని పని, ఈ మూడూ పుస్తకంలో మూడు అధ్యాయాలు. ఇక్కడ ఒక్క చేప.

మరిది: ఒప్పుకుంటున్నాను, అది అందంగా ఉంది. ఆ అందం వాక్యనిర్మాణంలో ఉంది, నా భయం ఉచ్చారణలో ఉంది. మీరిప్పుడు చేపని యూ2 అన్నారు. నిఘంటువులో యూ4 ఉంటుంది. నాలుక ఈ దగ్గర, పెదాలు ఊ దగ్గర, స్వరం అడుక్కి జారాలి. మీరు పైకి లేపారు. మీరు చెప్పిన గుడ్డు కూడా అంతే. నిఘంటువులో తాన్6, మీ నోట్లో తాన్2.

వదిన: నా నోట్లోనే కాదు, ఊరందరి నోట్లోనూ. రోజూ వాడే వస్తువు, చేతిలోకి వచ్చిన వస్తువు, పళ్ళెంలోకి వచ్చిన తిండి, వీటి స్వరం చాలాసార్లు పైకి లేస్తుంది. చేపల జాతికి యూ4. తినే చేపకి యూ2. పంచదార థోంగ్4, దానితో చేసిన బిళ్ళ థోంగ్2. నువ్వే చెప్పావు, ఎందుకలా ఉందో చెప్పలేదు. మామ్మని పిలిచే ప్హో4 ప్హో2లోనూ అదే. ఒకే పలుకు రెండుసార్లు, రెండోసారి లేస్తుంది. ఏ మాట ఎక్కడ లేస్తుందో చెప్పే సూత్రం నువ్వు పలక మీద రాసుకోగలవా?

మరిది: పూర్తిగా రాసుకోలేను. కానీ లేచిందని గుర్తుపట్టాలంటే లేవకముందు ఎక్కడుందో తెలియాలి కదా! యూ4 అసలు చెవిలో లేనివాడికి యూ2 మార్పుగా వినపడదు, ఇంకో మాటగా వినపడుతుంది. మీరు పొయ్యి దగ్గర పట్టుకున్న ఆ సొగసు నాకు అందాలంటే నా పలకే కావాలి.

వదిన: లేదా అది ఇంకో మాట అనుకుని వాడుకుంటూ పోవాలి. ఇక్కడి పిల్లలందరూ అలాగే పెరిగారు. యూ2 ముందు వచ్చింది వాళ్ళకి, అన్నం ముద్దతో పాటు. యూ4 బడికి వెళ్ళాక వచ్చింది.

మరిది: నేను పిల్లవాణ్ణి కాను వదినా, సమస్య అదే. పెద్దవాడి చెవి తనకి తెలిసిన భాషలోకే లాగేసుకుంటుంది. యువెన్ రెన్ చావ్ అనే భాషాశాస్త్రవేత్త ఉండేవారు. స్వరాన్ని ఐదు మెట్ల మీద కొలిచే పద్ధతి 1930లో ఆయన ఇచ్చినదే, ఇవాళ్టికీ అందరూ దాన్నే వాడుతున్నారు. 1947లో ఆయన 'కాంటనీస్ ప్రైమర్' రాశారు, హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. అంతటి చెవి ఉన్న మనిషి కూడా నేర్చుకునేవాళ్ళకి పాఠ్యపుస్తకమే రాశారు, పలుకులకి పెద్ద పీట వేసి.

వదిన: ఆయన ఇంట్లోంచి అంతకు రెండేళ్ళ ముందు ఇంకో పుస్తకం వచ్చింది. ఆయన భార్య బువెయ్ యాంగ్ చావ్ రాసిన వంటల పుస్తకం, 'హౌ టు కుక్ అండ్ ఈట్ ఇన్ చైనీస్', 1945. ఆవిడ చదివింది వైద్యం. ఆవిడ వంటల్ని పెద్ద కూతురు ఇంగ్లీషులోకి తెచ్చింది, భర్త కూడా అందులో ఒక చెయ్యి వేశాడు. ఎక్కువ మంట మీద గరిటెతో కలుపుతూ గబగబా వేయించే పనికి, మనం ఛావ్2 అంటున్నామే దానికి, ఇంగ్లీషులో మాట లేకపోతే "స్టర్ ఫ్రై" అని ఆ పుస్తకం కోసం కల్పించారు. ఇవాళ ప్రపంచమంతా ఆ మాట వాడుతోంది.

మరిది: అది అమెరికా వాళ్ళకి వండడం నేర్పింది, చైనీస్ మాట్లాడ్డం నేర్పలేదు. మాట్లాడ్డం నేర్పాల్సి వచ్చినప్పుడు ఆయన విడిగా ఇంకో పుస్తకం రాశాడు. ఒకే ఇంట్లో ఉండి కూడా రెండూ కలపలేదు, చూడండి.

వదిన: కలపకపోవడం వాళ్ళ నిర్ణయం, కలపకూడదన్న సూత్రమేమీ కాదు. వంటల పుస్తకం చదివితే వంటింటి భాష రాదన్నదీ నిజమే. అది ఈ ఊరి పుస్తకాలకీ వర్తిస్తుంది. ఇక్కడ అచ్చయ్యే వంటల పుస్తకాలు ఎక్కువగా రాత భాషలో ఉంటాయి. రాతలో తినడానికి ఒక మాట, నోట్లో సిక్6 ఇంకో మాట. రాతలో ఫ్రిజ్‌కి "మంచుగడ్డ పెట్టె" అనే మాట, నోట్లో సుత్3 క్వై6, అంటే "మంచు బీరువా". పుస్తకం ముందు పెట్టుకుని చదివితే ఎవరూ మాట్లాడని వాక్యాలు వస్తాయి. నేను చెప్పే వంటిల్లు మనుషులున్న వంటిల్లు.

మరిది: ఆ మనుషులు ఎలా పలుకుతారన్నది ఇంకో సంగతి. ఇక్కడ కుర్రాళ్ళు న అనాల్సిన చోట ల అంటారు. "నువ్వు" అసలు నెయ్5, నాకు వినపడేది లెయ్5. ముందు ఙ రావాల్సిన మాటల్లో ఙ మింగేస్తారు. ఆవు ఙౌ4 కావాల్సింది, ఔ4 అయిపోతుంది. బడి పంతుళ్ళు దీన్ని "బద్ధకపు పలుకు" అని తిడతారు. స్వరాల్లో కూడా 2, 5 కలిసిపోతున్న కుర్రాళ్ళు ఉన్నారని పరిశోధకులు రాస్తున్నారు. మీ మార్కెట్ గురువుల్లో ఎవరిని ప్రమాణంగా పెట్టుకోవాలి?

వదిన: నీకు ఎవరితో పని ఉందో వాళ్ళని. ప్హో4 ప్హో2 నెయ్5 అంటుంది, కూరగాయల కుర్రాడు లెయ్5 అంటాడు. రెండూ వినగలిగితేనే ఈ ఊళ్ళో బతుకు. ప్రమాణం ఒక్కటే నేర్చుకుని వెళితే కుర్రాడి మాట నీకు కొత్త భాష అయిపోతుంది. అయితే ఒకటి. నోటితో అనేటప్పుడు ప్హో4 ప్హో2నే అనుసరించు. ఎక్కువ తేడాలు నిలబెట్టే మనిషి దగ్గర నేర్చుకుంటే తర్వాత వదిలేయడం తేలిక. లేని తేడాని తర్వాత తెచ్చుకోవడం కష్టం.

మరిది: ఇది మాత్రం నా వాదనే, మీ నోట వచ్చింది.

వదిన: ఎవరిదైతేనేం, పనికొచ్చేది.

మరిది: సరే, ఉచ్చారణ పక్కన పెడదాం. పరిధి సంగతి చెప్పండి. ఉప్పు, అల్లం, మూకుడు, మంట. వీటితో ఆస్పత్రికి వెళ్ళగలనా? ఇంటి అద్దె గురించి మాట్లాడగలనా?

వదిన: అద్దె గురించి మాట్లాడలేవు. ఆస్పత్రి దాకా వెళతావు, నమ్ము. ఇక్కడ వేపుళ్ళు ఎక్కువ తింటే యిత్6 హెయ్3 అంటారు. అక్షరాలా "వేడి గాలి". నోరు పూసినా, గొంతు నొచ్చినా అదే మాట. మనం "వేడి చేసింది" అనడం లేదూ? దానికి విరుగుడుగా వీధి మొగల్లో చేదు మూలికల కషాయం అమ్ముతారు, పేరు లోంగ్4 ఛా4, చలవ చేసే టీ. ఇంగ్లీషువాడికి ఇది పాఠంలో పేజీలకొద్దీ వివరించాలి. మనకి ఒక్కసారి చెబితే చాలు. బియ్యం, అన్నం సంగతీ అంతే. మై5 అంటే బియ్యం, ఫాన్6 అంటే అన్నం. ఇంగ్లీషులో రెండూ ఒకటే మాట కాబట్టి వాళ్ళు తడబడతారు, మనం తడబడం. ఇక వాక్యాల అచ్చు ఉంది. సిక్6 చో2 ఫాన్6 మెయ్6 ఆ3? భోంచేశారా అని. తినడం తీసేసి "చేయడం" పెట్టు. చోవ్6 చో2 మెయ్6 ఆ3? పని చేశావా అని. ఆఫీసుకి పట్టుకెళ్ళు.

మరిది: పట్టుకెళ్ళాక నా తెలుగు గొంతు దాన్ని చెడగొడుతుంది. మనం అడిగేటప్పుడు చివర ఎత్తుతాం. "తిన్నావా?" అన్నప్పుడు ఆ ఆకారం పైకి పోతుంది. ఇక్కడ ఆ3 మధ్యలో సమంగా ఉండాలి. ప్రశ్న అన్న సంగతి మాటే చెబుతుంది, గొంతు చెప్పనక్కర్లేదు. నేను అలవాటుకొద్దీ ఎత్తితే 3 కాస్తా 2 అవుతుంది.

వదిన: ఇంత బాగా తెలిసినవాడివి ఒక్క వాక్యం కూడా ఎందుకు అనవు? మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. మాట్లాడాల్సిన చోట వివరిస్తావు.

మరిది: అనను. ఎందుకో చెబుతాను. మీ నోటుపుస్తకంలో వాక్యాలన్నీ ఒకే రకంగా ఉన్నాయి. వెయ్యి, తియ్యి, కొయ్యి, కడుగు, ఆర్పు. అన్నీ ఆజ్ఞలే. ఈ నగరంలో 3 లక్షలమందికి పైగా ఇంటి పనివాళ్ళు ఉన్నారు, ఎక్కువమంది ఫిలిప్పీన్స్, ఇండోనేషియా ఆడవాళ్ళు. ఇండోనేషియా వాళ్ళకి బయలుదేరకముందే శిక్షణ కేంద్రాల్లో కాంటనీస్ నేర్పిస్తారు, వంటింటి వాక్యాలతోనే. వాళ్ళ పలుకు చాలామంది విదేశీయుల పలుకు కన్నా బాగుంటుంది, ఆ సంగతి నేనూ గమనించాను. కానీ వాళ్ళకి ముందుగా నేర్పేది చెప్పింది విని చేయడానికి సరిపడే భాష. వంటింటి భాష ఎవరి నోట్లోంచి ఎవరి చెవిలోకి వెళుతోందో చూడాలి వదినా. యజమాని వైపు నిలబడితే ఆజ్ఞలొస్తాయి, పనిమనిషి వైపు నిలబడితే "అలాగే" వస్తుంది. మాట్లాడుకోవడం ఎక్కడ?

(ఇక్కడ సంవాదం నేను ఊహించిన దారి తప్పింది. అప్పటిదాకా స్వరాల గురించి, హల్లుల గురించి నడిచిన వాదన మనుషుల మీదికి వచ్చింది. వదిన గొంతు కూడా మారింది.)

వదిన: నువ్వన్నది నిజం. మా అంతస్తులోనే ఒకమ్మాయి ఉంది, తూర్పు జావా నుంచి వచ్చింది. అన్ని వంటలూ చేస్తుంది, చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకుంటుంది. ఇంట్లో ఆ అమ్మాయి అడిగే ప్రశ్న నేనెప్పుడూ వినలేదు. మార్కెట్లో మాత్రం అడుగుతుంది. కూరగాయలావిడతో బేరమాడుతుంది, ఇది మీ ఊళ్ళో దొరుకుతుందా అని ఆవిడ అడిగితే జవాబు చెబుతుంది. అదే అమ్మాయి, అవే మాటలు. చోటు మారేసరికి నోరు విచ్చుకుంటోంది.

మరిది: అయితే చోటు మార్చండి. పుస్తకం మొదటి పేజీలో ఆజ్ఞ తీసేయండి.

వదిన: తీసేస్తాను. అంకెలు వేస్తాను, ఆజ్ఞలు వెనక్కి పంపిస్తాను. మొదటి వాక్యంగా ప్రశ్న రాస్తాను. ని1 కో3 తిమ్2 చ్యూ2 కా3? "ఇది ఎలా వండాలి?" అని. ఏ అంగడి ముందైనా ఏదైనా చూపించి అడగవచ్చు. అమ్మేవాడు పనులాపి చెబుతాడు, ఈ ఊళ్ళో తిండి గురించి అడిగితే చెప్పనివాళ్ళు తక్కువ. చెప్పేటప్పుడు చింగ్1 అంటాడు, ఛావ్2 అంటాడు, ఎన్ని నిమిషాలో అంటాడు, లొక్6 సీవ్2 సీవ్2 యిమ్4, "కొంచెం ఉప్పు వెయ్యి" అంటాడు. ఆజ్ఞ కూడా వస్తుంది, కానీ నువ్వు అడిగితే వస్తుంది. నువ్వు కోరిన స్వరాలన్నీ ఆ జవాబులో వరసగా దిగుతాయి, ఒక్కొక్కటీ ఒక పనితో.

మరిది: ఆ ప్రశ్నలో ఐదు పలుకులున్నాయి. 1, 3, 2, 2, 3. జారే స్వరం ఒక్కటీ లేదు. మొదలుపెట్టడానికి మంచిదే. దాన్ని ప్హో4 ప్హో2 గొంతుతో ఫోనులో రికార్డు చేసి ఇవ్వండి. మాట మాటా విడిగా ఒకసారి, వాక్యమంతా కలిపి ఒకసారి. విడివిడిగా సాధన చేసే హక్కు నేను వదులుకోను.

వదిన: చేసుకో. రాత్రి విడిగా, పొద్దున మార్కెట్లో కలిపి. ఇప్పుడు ఒక్కసారి అను.

మరిది: ని1 కో3 తిమ్2 చ్యూ2... కా2?

వదిన: చివర ఎత్తావు. కో3 ఎక్కడ ఉంచావో కా3 కూడా అక్కడే ఉంచు. మళ్ళీ అను.